సియాటిల్‌కి మూడున్నర గంటలు

“ఇంటి నుంచి విమానాశ్రయానికి పద్దెనిమిది నిమిషాలు. మంచు పడితే పాతిక అనుకో” అన్నాడు నెస్తోర్.

కేలండర్‌లోంచి చింపిన జనవరి కాగితం వెనకవైపంతా అప్పటికే అంకెలతో నిండిపోయింది. పెన్సిలు మొన ఒక్కో అంకె మీదా ఆగుతూ కిందికి జారుతోంది.

“లోపల తనిఖీకి నలభై. గాల్లో మూడు గంటల ఇరవై. దిగాక ఆసుపత్రికి అరగంట. మంచు కలుపుకున్నా ఐదు గంటలు, మిలా. ఫోను వచ్చిన ఐదు గంటల్లో నేను వాళ్ళ బల్ల మీద పడుకుని ఉంటాను.”

మిలాగ్రోస్ సింకు దగ్గర బియ్యం కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

“బయటికి తీసిన గుండె నాలుగు గంటలే ఉంటుందన్నారు.”

“తీసే ముందు బోలెడు పరీక్షలుంటాయి. మనకి ఫోను అంతకు ముందే వస్తుంది. అది బయల్దేరేసరికి నేను సగం దారిలో ఉంటాను.”

“ఆ వేళకి విమానం లేకపోతే?”

“రోజుకి పదిపైనే ఉన్నాయి.”

“అగ్నిపర్వతం బూడిద లేచిన ఏడాది ఎన్ని కదిలాయి?”

నెస్తోర్ పెన్సిలు కింద పెట్టాడు. ఆ ఏడాది తమ ఊరు ఆంకరేజ్ మీద బూడిద మబ్బులా కమ్మినప్పుడు, కదలని సరుకు విమానాల మధ్య పని లేకుండా తిరిగినవాడు తనే.

ముప్ఫై ఏళ్ళుగా అతని పని అదే. ఏ పెట్టె విమానం ముక్కు వైపు ఎక్కాలో, ఏది తోక వైపు పోవాలో, బరువు ఎలా సర్దితే విమానం నిలకడగా లేస్తుందో లెక్క గట్టడం. ఆంకరేజ్ నుంచి ఏ ఊరు ఎంత దూరమో అతనికి కంఠతా వచ్చు. టోక్యో ఏడున్నర గంటలు. చికాగో ఆరు. సియాటిల్ పధ్నాలుగు వందల యాభై మైళ్ళు, మూడున్నర గంటలు. వెనక గాలి ఉంటే పది నిమిషాలు తక్కువ.

ఇప్పుడు అతని గుండె వందకి పదిహేను పాళ్ళే పనిచేస్తోంది. నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చోవాల్సి వస్తోంది. గుండె మార్చే ఆసుపత్రి సియాటిల్‌లో ఉంది. వాళ్ళ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మంగళవారం పది గంటలకల్లా అతను ఆ ఊళ్ళో కాపురం పెట్టాలి. పక్కన ఉండి చూసుకునే మనిషిని వెంటబెట్టుకుని నర్సు ఎదుట కూర్చోవాలి. లేకపోతే వరసలోంచి పేరు పక్కకి తీసేస్తారు.

“ఆసుపత్రికి రోడ్డు మీద రెండు గంటల లోపు ఉండాలన్నారు. గాల్లో ఎన్ని గంటలో వాళ్ళకి అక్కర్లేదు” అంది మిలా.

“నువ్వు రాలేవు కదా.”

“రాలేను. నేను బడి వంటింట్లో పని మానేస్తే నీ ఇన్సూరెన్సు ఆ రోజే పోతుంది. ఈ మాట ఎన్నిసార్లు అనుకుంటాం?”

“మరి ఇంకెవరున్నారు?”

మిలా బియ్యం గిన్నె కుక్కర్లో పెట్టింది. కుక్కరు మీట నొక్కింది. తడి చేతులు తుండుకి తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది.

నెస్తోర్ ఆమెనే చూస్తున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం. ఆ తుండు సంగతి అతనికి తెలుసు.

“ఎవరికి ఫోను చేశావు?”

“మీ అక్కకి.”

నెస్తోర్ కేలండరు కాగితాన్ని పక్కకి నెట్టాడు.

“చెయ్యొద్దన్నాను.”

“అన్నావు. చేశాను.”

“మిలా, ఆవిడ గుమ్మం నేను ఎక్కను. పదకొండేళ్ళు నా పేరు పలకని మనిషి ఇంట్లో పడుకుని గుండె కోసం ఎదురుచూడమంటావా?”

“నువ్వు ఎక్కక్కర్లేదు. ఆవిడే నీ గుమ్మం ఎక్కుతోంది.”

“ఎప్పుడు?”

“పొద్దున తొమ్మిదింటికి సియాటిల్‌లో విమానం ఎక్కింది.”

నెస్తోర్ కళ్ళు గోడ గడియారం మీదికి వెళ్ళాయి. అక్కడికీ ఇక్కడికీ గంట తేడా. ఎదురు గాలి. కోపంలో ఉన్నా లెక్క దానంతటదే అయిపోయింది. అక్క అప్పటికే దిగి ఉంటుంది.

*

ఇంట్లో అందరూ రెమీ అని పిలిచే అక్క రెమెదియోస్ వచ్చేసరికి పన్నెండున్నర. టాక్సీ దిగి, గుమ్మంలో బూట్లు విప్పి, చలికోటు కూడా తియ్యకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. అరవై ఐదేళ్ళ మనిషి. పొట్టిగా, నిటారుగా ఉంటుంది. గిన్నె మూత తీసి గరిటెతో చేపల పులుసు కొంచెం అరచేతిలో వేసుకుని నాకింది.

“చింతపండు చాలలేదు” అంది.

“ఆయనకి పులుపు తగ్గించమన్నారు వదినా.”

“తగ్గించమన్నది ఉప్పు. పులుపు కాదు.”

నెస్తోర్ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అక్క వెనక్కి తిరిగింది. పదకొండేళ్ళ తర్వాత తమ్ముణ్ణి చూస్తోంది. చొక్కా భుజాల మీంచి జారుతోంది. మెడలో ఎముకలు తేలాయి. చీలమండలు మాత్రం వాచి సాక్సుల అంచుల మీదికి పొంగాయి.

ఆమె అతనితో మాట్లాడలేదు. మరదలి వైపు తిరిగింది.

“తింటున్నాడా?”

“ఎదురుగానే ఉన్నాడు. మీరే అడగండి.”

“నేను నిన్నడిగాను.”

“రెండు ముద్దలు. మూడోది నా కోసం.”

భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. నెస్తోర్ కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పాడు. అక్క చేతిని పట్టుకోవాల్సిన చోట బల్ల అంచు పట్టుకున్నాడు.

రెమీ సంచిలోంచి ఒక కాగితం తీసి కంచం పక్కన పెట్టింది. ఆసుపత్రివాళ్ళు ఆమెకి పంపిన పత్రం. పక్కన ఉండి చూసుకునే మనిషి నింపి సంతకం చెయ్యాల్సినది.

“నేను తీసుకెళ్తాను. వండి పెడతాను. మాత్రలిస్తాను. ఎప్పుడు ఫోనొస్తే అప్పుడు ఆసుపత్రిలో దింపుతాను. వాడి కోసం కాదు, అమ్మ కొడుకని. కానీ వాడు నాతో ఒక్క మాట చెప్పాలి.”

“ఏమిటి వదినా?”

“అబద్ధమాడానని.”

నెస్తోర్ చేప ముల్లు తీస్తున్నాడు. తీస్తూనే ఉన్నాడు.

“అమ్మకి గది సిద్ధం చేశాను” అంది రెమీ. ఇప్పుడు ఆమె చూపు తమ్ముడి మీదే ఉంది. “కిటికీ పక్కన మంచం వేయించాను. రెండుసార్లు టికెట్టు తీశాను. రెండుసార్లూ నువ్వు ఆపావు. డాక్టరు విమానం పడదన్నారక్కా, గాల్లో ఊపిరి అందదన్నారక్కా అన్నావు. అమ్మ పోయాక నేను ఆ డాక్టరుకి ఫోను చేశాను. ఆ మాట నేను ఎప్పుడూ అనలేదమ్మా, మీ అమ్మగారు హాయిగా వెళ్ళొచ్చన్నానే అన్నాడు. మూడున్నర గంటలు, నెస్తోర్. ఊరూరికీ పెట్టెలు పంపేవాడివి. అమ్మని మూడున్నర గంటలు ఒక కుర్చీలో కూర్చోబెట్టి పంపలేకపోయావు. ఎందుకు?”

“తిను అక్కా. చల్లారిపోతుంది.”

“ఎందుకు?”

“చెప్పడానికేం లేదు.”

“అంతేనా?”

“అంతే.”

రెమీ కాగితం మడిచింది. మళ్ళీ సంచిలో పెట్టుకుంది. “అయితే నేను సాయంత్రం విమానానికి వెళ్ళిపోతాను.”

మిలా చెంచా బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడికి ఇద్దరూ తలెత్తారు.

“అత్తయ్యే రానంది” అంది మిలా.

“మిలా” అన్నాడు నెస్తోర్. గొంతు పెద్దది చేసే ఓపిక లేదు.

“నువ్వు మాటిచ్చావు. నేనివ్వలేదు. మా ఆయన్ని మట్టిలో పెడతానని నేనెవరికీ మాటివ్వలేదు.” రెమీ వైపు తిరిగింది. “రెండుసార్లూ అత్తయ్యే ఆపింది. రెండోసారి పెట్టె సర్ది, బూట్లు తొడిగాక కుర్చీలోంచి లేవనంది. అక్కడికి వెళ్తే రెమీ నన్నిక తిరిగి రానివ్వదు, చచ్చాక కూడా తన దగ్గరే ఉంచుకుంటుంది, ఇక్కడ శ్మశానంలో మీ మామయ్య పక్కన నా చోటు ఖాళీగా ఉండిపోతుంది అంది. ఈ మాట దానికి చెప్పొద్దు, పిలిస్తే రానన్నానని తెలిస్తే ఓర్చుకోలేదు, విమానం పడదన్నారని చెప్పండి అంది. ఈయన చేత ఒట్టేయించుకుంది.”

రెమీ తమ్ముడి వైపు తిరిగింది.

“నిజమేనా?” అంది.

నెస్తోర్ తలూపాడు.

వాళ్ళిద్దరూ ఆమె ఏడుస్తుందనుకున్నారు. ఆమె ఏడవలేదు. కంచంలో మిగిలిన అన్నాన్ని చెంచాతో ఒక పక్కకి నెట్టింది. దాన్నే మళ్ళీ మరో పక్కకి నెట్టింది.

“శవపేటిక దగ్గర నీ మొహం మీద ఉమ్మినంత పని చేశాను” అంది. “చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా అబద్ధాలకోరువన్నాను. అప్పుడైనా చెప్పలేదేం?”

“అమ్మ అడిగింది.”

“అమ్మ పోయింది కదరా. ఇంకా ఎవరి కోసం?”

నెస్తోర్ ముల్లు తీసిన చేపని కంచం అంచుకి జరిపాడు.

“నిజం తెలిస్తే నేనేం చేసేదాన్ని? ఏడ్చేదాన్ని. నెలరోజులు ఏడ్చేదాన్ని. తర్వాత వేసవికి వచ్చి మీ ఇంట్లో కూర్చుని నిన్ను తిడుతూ తినేదాన్ని. నువ్వు మంచివాడివయ్యావు, అమ్మ మాట నిలబెట్టావు. నాకు మిగిలిందేమిటి? పదకొండేళ్ళ కోపం. అదీ తప్పు మనిషి మీద.”

రెమీ లేచి చలికోటు వేసుకుని బయటికి వెళ్ళింది. కిటికీలోంచి మిలా చూసింది. మంచు తోడిన దారిలో రెమీ కంచె దాకా నడిచి, అక్కడే నిలబడింది. సాయంత్రం విమానం వేళ దాటింది. లోపలికి వచ్చి, ఏమీ జరగనట్టు గిన్నెలు కడిగింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక “శ్మశానానికి తీసుకెళ్ళు” అంది మరదలితో. ఇద్దరూ వెళ్ళారు. అమ్మా నాన్నా పక్కపక్కన ఉన్నారు. రెమీ చేతి తొడుగులతోనే రెండు రాళ్ళ మీదా మంచు తుడిచింది. అమ్మ రాయి మీద కొంచెం గట్టిగా తుడిచింది.

“నేను నిజంగానే తిరిగి పంపేదాన్ని కాదు, మిలా” అంది కారెక్కుతూ. “అమ్మకి తెలుసు.”

ఆ సాయంత్రం సంచిలోంచి కాగితం తీసి, అన్ని గడులూ నింపి సంతకం చేసి నెస్తోర్ ముందు పెట్టింది. నెస్తోర్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, తన డాక్టరు కాగితాల కవరులో పెట్టుకున్నాడు. అంకెలు నిండిన జనవరి కాగితాన్ని మిలా ఎప్పుడో చెత్తలో వేసింది.

*

సోమవారం పదకొండున్నర విమానం. తనిఖీ గీత దాకానే మిలా రాగలిగింది. ఊపిరి అందించే చిన్న పెట్టెని నెస్తోర్ భుజానికి తగిలించి, పట్టీ పొడుగు సరిచేసింది. సరిగ్గానే ఉన్నా మళ్ళీ సరిచేసింది.

“ఎనిమిదింటికి తెల్లవి రెండు. పన్నెండింటికి...”

“మూడు నెలలుగా మింగుతున్నాను మిలా.”

“ఫోను పక్కనే పెట్టుకో. ఆసుపత్రి ఫోనొస్తే ముందు నాకు చెయ్యకు. ముందు బయల్దేరు. దారిలో చెయ్యి.”

“సరే.”

“వేసవి సెలవులివ్వగానే వస్తాను.”

“సరే.”

రెమీ నాలుగడుగుల దూరంలో గోడ వైపు తిరిగి నిలబడింది. వాళ్ళని చూడకుండా ఉండటానికి గోడ మీద ప్రకటన చదువుతున్నట్టు నటించింది.

తోపుడు కుర్చీలో తీసుకెళ్తుంటే నెస్తోర్ వెనక్కి తిరిగి చూశాడు. మిలా చెయ్యి ఊపలేదు. తల మాత్రం ఆడించింది, వెళ్ళు వెళ్ళు అన్నట్టు.

విమానంలో ఎడమ పక్క కిటికీ సీటు అక్కకిచ్చాడు. అటువైపు కొండలు కనిపిస్తాయి. విమానం లేచింది. మంచు కొండలు ఎండలో మెరుస్తూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పోయాయి. రెమీ కిటికీ వైపే మొహం పెట్టుకుని ఉంది. మొదటి గంటలో విమానంలో పనిచేసే పిల్ల కాఫీ తెచ్చింది. ఒకరు వద్దన్నారు, ఒకరు నీళ్ళు చాలన్నారు.

రెండో గంటలో నెస్తోర్ అన్నాడు, “అమ్మ నీ గది గురించి అడిగేది. కిటికీలోంచి ఏం కనిపిస్తుందని.”

“నువ్వేం చెప్పావు?”

“పక్కింటివాళ్ళ యాపిల్ చెట్టని. నువ్వే చెప్పావు కదా ఫోన్లో.”

“కొట్టేశారు ఆ చెట్టు.” కొంచెం ఆగి, “నువ్వు పడుకోబోయేది ఆ గదిలోనే” అంది.

అతను సీటులో వెనక్కి వాలాడు. ఊపిరి పెట్టె సన్నగా బుసకొడుతోంది. సంవత్సరం తర్వాత మొదటిసారి అతనికి ఆకలనిపించింది. అక్క సంచిలోంచి అరిటాకులో చుట్టిన తీపి అన్నం తీసి విప్పి, పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది. తిన్నాడు. మూడో ముద్ద ఎవరి కోసమూ కాకుండా తిన్నాడు.

విమానం కిందికి దిగబోతోందని చెప్పారు. కిటికీలో నీళ్ళూ దీవులూ కనిపించాయి.

“ఒరేయ్ నెస్తోర్.”

“ఊఁ.”

“నేను బండి నడపను.”

అతనికి ముందు అర్థం కాలేదు. “దిగాక టాక్సీలో పోదాంలే.”

“ఇవాళ సంగతి కాదు. అసలు నడపను. ఆగస్టులో లైసెన్సు వెనక్కిచ్చేశాను. చూపు మధ్యలో మసక మచ్చ. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఇందాకటి నుంచి కొండలు చూస్తున్నానా? అంచులే చూస్తున్నాను.”

నెస్తోర్ లేచి కూర్చున్నాడు. “కాగితంలో రాశావు. రాత్రైనా పగలైనా కారు నడపగలరా అంటే అవునని గీత పెట్టావు. నేను చూశాను.”

“పెట్టాను.”

“ఎందుకు?”

“పెట్టకపోతే నువ్వు ఈ విమానం ఎక్కేవాడివా? నీ పేరు తీసేసేవాళ్ళు కాదా?”

“మీ ఇంటి నుంచి ఆసుపత్రికి ఎంత దూరం?”

“పధ్నాలుగు మైళ్ళు. బస్సైతే రెండు మారాలి. పగలైతే గంటన్నర. రాత్రిళ్ళు బస్సే లేదు.”

పధ్నాలుగు వందల యాభై మైళ్ళు దాటి వచ్చాడు. అతని మొహం చూసి రెమీ గొంతు తగ్గించింది.

“పక్కింటి కుర్రదాన్ని అడుగుతాను. చర్చిలో అడుగుతాను. ఎవరో ఒకరు దొరుకుతారు. రేపు ఆ నర్సు ముందు మాత్రం నోరెత్తకు. మిలాకి అసలే చెప్పకు. అక్కడ ఒక్కత్తీ ఉంది, నిద్రపోదు.”

రెక్క కింద చక్రాలు బయటికి వచ్చిన చప్పుడయింది. అతని గుండె ఎప్పటిలాగే తడబడుతూ కొట్టుకుంటోంది.

“చెప్తాను అక్కా” అన్నాడు.

“ఎవరికి?”

“దిగగానే మిలాకి. రేపు నర్సుకి.”

“నీ పేరు ఉంచరు.”

“ఉంచకపోవచ్చు.”

“నీకేమైనా పిచ్చా? చావడానికి తీసుకొచ్చానా నిన్ను?”

“ఫోనొచ్చిన రాత్రి నువ్వు నన్ను ఎక్కించుకుని కారు తీస్తావు. నాకు తెలుసు నువ్వు తీస్తావని. నేను ఆపలేను, నాకు ఓపికుండదు. ఆ పధ్నాలుగు మైళ్ళలో ఎవరైనా రోడ్డు దాటుతుంటే?”

రెమీ కిటికీ వైపు తిరిగింది. ఇళ్ళ కప్పులు దగ్గరవుతున్నాయి. మళ్ళీ ఇటు తిరిగి చెయ్యి చాపింది.

“ఆ కాగితం ఇలా ఇవ్వు.”

చింపేస్తుందేమోనని అతను తటపటాయించాడు. తర్వాత కవరులోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె సంచిలో వెతికి కలం తీసి మూత విప్పింది. కాగితాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంది. దూరం జరిపింది. తల పక్కకి వాల్చి చూసింది.

“ఆ గడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించు” అంది. “నిన్న ఇంట్లో మీ ఇద్దరూ అటు తిరిగినప్పుడు భూతద్దం పెట్టుకుని నింపాను.”

నెస్తోర్ ఆమె చూపుడువేలు పట్టుకుని గడి మీద పెట్టాడు. ఆమె అవునన్న చోట కొట్టేసి, కాదన్న చోట గీత పెట్టింది. గీత కొంచెం వంకరగా గడి దాటి వచ్చింది.

“కింద ఇంకేం ఉంది?”

“అయితే ఎవరు నడుపుతారు అని ఉంది. పేరూ, సంతకమూ.”

చక్రాలు నేలని తాకాయి. విమానం కుదుపుకి కలం ఆమె చేతిలోంచి జారి సీట్ల కిందికి దొర్లిపోయింది. ఇద్దరూ దాని కోసం వంగలేదు. ఒళ్ళో కాగితం మీద పేరు రాయాల్సిన గీత పొడుగ్గా, ఖాళీగా ఉంది. రేపు పది గంటలకి దాని మీద ఒక పేరుండాలి.

చుట్టూ జనం ఫోన్లు తీశారు. నెస్తోర్ కూడా తీశాడు. మిలా మొదటి మోతకే ఎత్తింది.